ముప్పై ఏడు నిమిషాల్లో రామగుండం

ఒక మనిషి తన నోటిని నమ్ముకొని ఎంత దూరం పోయి బోర్లా పడగలడో కొలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను కొలిచాను. గాలిలో తొంభై కిలోమీటర్లు. నేల మీద నాలుగున్నర గంటలు. సిగ్గు లెక్కన చూస్తే ఇన్నేళ్లయినా ఇంకా దారిలోనే ఉన్నాను. ఇప్పుడు చెప్పబోయే ఈ సర్వనాశనంలో ఒక విమానం ఉంది, పెళ్లిచూపులున్నాయి, గొడ్డళ్లు పట్టుకున్న పాతికమంది బొగ్గుగని కార్మికులున్నారు. విమానం ఉందన్నాను కదా, అది మాత్రం అబద్ధం. ముందే ఒప్పుకుంటున్నాను. ఆలస్యంగా ఒప్పుకుంటే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

అది రెండు వేల పన్నెండు. నాకు ఇరవై ఆరేళ్లు. మాది హైదరాబాద్ శివార్లలో, మేడ్చల్ పక్కన గౌడవెల్లి. తూంకుంటలో కరీంనగర్ రోడ్డు మీద ఒక గది అద్దెకు తీసుకొని ఆఫీసు పెట్టాను. ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కంప్యూటర్, గోడ మీద రంగురంగుల లేఅవుట్ నక్ష. నా పని ప్లాట్లు అమ్మిపెట్టడం.

మా పనిలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాడు బతకడు. నిమిషాల్లో చెప్పాలి. లాల్‌గడి మలక్‌పేట్ వెంచర్ నుంచి రింగ్ రోడ్డు ఐదు నిమిషాలు. బస్టాండు రెండు నిమిషాలు. ఎవరి నిమిషాలు, ఏ బండి మీద, రోడ్డు మీద గొర్రెల మంద ఉన్నప్పుడా లేనప్పుడా అని కొనేవాడు అడగడు. అడిగే లోపల నేను ఇంకో మాట అందుకునేవాణ్ణి. కస్టమర్‌ను కారులో కూర్చోబెట్టుకొని గాలి పీల్చకుండా మాట్లాడితే అరగంట ప్రయాణం కూడా ఐదు నిమిషాల్లాగే దిగిపోతుంది. కరపత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘దూరాలు సుమారుగా’ అని నేనే వేయించేవాణ్ణి. ఆ చీమ తలకాయలను ఎవరూ చదవరని నాకు గట్టి నమ్మకం. ఎందుకంటే నేను కూడా చదివేవాణ్ణి కాదు.

ఆ వేసవిలో అమ్మ నాకొక సంబంధం చూసింది. పిల్ల పేరు స్వరూప. గోదావరిఖనిలో టీచరమ్మ. తండ్రి ఓదెలు, బొగ్గుబాయిలో పని. ఫోటో చూసిన నాటి నుంచి నేను మనిషిని కాదు. ఆఫీసుకు వచ్చిన కస్టమర్‌కు ఉత్తరం వైపు ప్లాటు చూపించమంటే దక్షిణం వైపు తీసుకుపోయేవాణ్ణి. ఆమె నచ్చింది అనడం చిన్న మాట. ఆ ఫోటోను చొక్కా జేబులో పెట్టుకొని తిరిగీ తిరిగీ నా చెమటకు దాని మూలలన్నీ వంకర తిరిగాయి.

ఓదెలు ఫోన్ చేసి రోజు చెప్పాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం రెండింటికల్లా రావాలి. మర్నాటి నుంచి మూఢం. రెండు నెలల దాకా పిల్లను చూడడం, మాట అనుకోవడం కుదరదు. అదే గనిలో పనిచేసే ఇంకో అబ్బాయి వాళ్లు కూడా అడుగుతున్నారట. అంటే ఆ ఆదివారం తప్పితే స్వరూప నాకు లేనట్టే.

సరిగ్గా అదే ఆదివారం పొద్దున పదీ ఇరవైకి హన్మకొండలో మా మేనత్త కొడుకు లగ్గం. పోకపోతే మేనత్త మా గడప తొక్కదు.

“ఏదో ఒకటి ఇడిసిపెట్టాలె,” అన్నాడు బాపు. “హన్మకొండ కాడికెళ్లి గోదారిఖనికి నాలుగు గంటలు వడ్తది. లగ్గం అయినంక ఉరికినా అందం.”

ఇక్కడే నాలోని ప్లాట్ల మనిషి లేచి నిలబడ్డాడు. నాలుగు గంటలట! నా కరపత్రంలో నాలుగు గంటల దూరం అనే మాటే లేదు. కంప్యూటర్ ముందు కూర్చొని వరంగల్ నుంచి, గోదావరిఖని పక్కనే ఉన్న రామగుండానికి విమానం ఉందేమో వెతికాను.

వచ్చింది! ఒక పేజీ వచ్చింది. వరంగల్‌కు మామునూరు, రామగుండానికి బసంత్‌నగర్ అని రెండు విమానాశ్రయాల పేర్లు, వాటి పక్కన మూడేసి అక్షరాల గుర్తులు, మధ్యలో వంపు తిరిగిన గీత, ఆ గీత మీద బుల్లి విమానం బొమ్మ. గాలి దూరం తొంభై కిలోమీటర్లకు అటూ ఇటూ. ప్రయాణ సమయం ముప్పై ఏడు నిమిషాలు.

మీరే చెప్పండి. ముప్పై అని ఉంటే అనుమానించేవాణ్ణి. నలభై అని ఉన్నా అనుమానించేవాణ్ణి, నేను అబద్ధం చెప్పేటప్పుడు రౌండు ఫిగర్లే చెబుతాను కాబట్టి. ముప్పై ఏడు అని ఇంత కచ్చితంగా చెప్పేవాడు గడియారం పట్టుకొని విమానంలో కూర్చొని చెప్పినవాడై ఉండాలి కదా! పేజీ అడుగున ఏవో చీమ తలకాయలు ఉన్నాయి. చదవలేదు.

“వరంగల్ల ఇమానమున్నదార?” అన్నాడు బాపు.

“ఉన్నది బాపు. మామునూరుల ఎక్కాలె, బసంత్‌నగర్ల దిగాలె. గిక్కడ రాసిండ్రు సూడు.”

“ఎవలు రాసిండ్రు?”

“కంప్యూటర్ల ఉన్నది బాపు.”

“నీ కరపత్రం గూడ కంప్యూటర్లనే రాస్తవు గదరా.”

ఆ రోజు మా బాపు అన్న ఆ ఒక్క మాటను నేను విని ఉంటే ఈ కథ మీకు చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. నేను వినలేదు. పేజీలో టికెట్ తీసుకునే చోటు ఎక్కడా కనబడకపోతే, దానికి కూడా సమాధానం నేనే చెప్పుకున్నాను. చిన్న ఊళ్ల మధ్య తిరిగే విమానం, పల్లె బస్సు లాంటిది. పల్లె బస్సుకు ముందుగా సీటు ఎవరు రాయించుకుంటారు? పోయి అక్కడే తీసుకుంటాం.

వెంటనే ఓదెలుకు ఫోన్ కొట్టాను.

“మామా, మేము విమానంల వస్తున్నం. బసంత్‌నగర్ల దిగుతం.”

“బసంత్‌నగర్లనా?”

“అవును మామా.”

“గా జాగలనా?”

“గక్కడనే.”

“ఇమానంలనా?”

“అవును మామా. ఒకటిన్నర వరకు దిగుతం.”

అంతే, ఓదెలు గొంతు మారింది. నాతో కాదు, ఎమ్మెల్యేతో మాట్లాడుతున్నట్టు మారింది. “మంచిది బిడ్డా. మీరు రాండ్రి. మేము జూసుకుంటం.”

చూసుకుంటాం అంటే జీపు పంపిస్తారని అనుకున్నాను. ఏం చూసుకున్నారో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

అమ్మ ఒక్కతే ఎదురు తిరిగింది. “నేను గాల్లకు రాను కొడుకా. నా కాళ్లు భూమ్మీద ఉండాలె. నాకు లగ్గం వద్దు, ఇమానం వద్దు. పొద్దుగాల మన ఆఫీసు ముంగట బస్సెక్కి సీదా గోదారిఖని వోత.” మా ఆఫీసు ముందు నుంచి పోయే రోడ్డు నేరుగా అక్కడికే పోతుందన్న సంగతి ఆ ఇంట్లో అమ్మకు మాత్రమే గుర్తుంది.

ఆదివారం పొద్దున ఐదింటికి మహబూబ్ భాయ్ కారు తెచ్చాడు. మహబూబ్ భాయ్‌ది లాల్‌గడి మలక్‌పేట్. కూరగాయల సాగు, ఒక కారు, నోటినిండా జర్దా పాన్. నా కస్టమర్లను ఐదు నిమిషాల దూరాలన్నీ తిప్పి చూపించేది ఆయనే కాబట్టి నా నిమిషాల అసలు పొడవు ఆయనకు బాగా తెలుసు. దారిపొడవునా అద్దంలో నన్ను చూస్తూ నవ్వుకుంటూనే ఉన్నాడు.

లగ్గం బాగా జరిగింది. బంతిలో కూర్చున్నాక బాపు మటన్ కూర వద్దన్నాడు. మా బాపు మటన్ వద్దనడం మా వంశంలో అదే మొదలు. వడ్డించే ఆయన గిన్నె పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

“ఇమానం ఎక్కాలె,” అన్నాడు బాపు గంభీరంగా. “కడుపుల తిప్పుతదట.” అని ఒక ముద్ద పెరుగన్నం తిని, పక్క విస్తళ్లలోని ఎముకలను చూస్తూ లేచాడు.

బయటికి వచ్చి నేను మహబూబ్ భాయ్‌తో, “ఇగ మీరు పొండి భాయ్. రెండింటికి కరెంటొస్తది, మోటర్ ఎయ్యాలె గద. మేము ఆటోల మామునూరు వోతం,” అన్నాను.

“అరె మియా, టికెట్ దిఖావ్.”

“గక్కడనే తీసుకుంటం భాయ్.”

“అచ్ఛా. ఇమానం ఎన్ని నిమిషాలు?”

“ముప్పై ఏడు.”

“నీ నిమిషాలా, అల్లా నిమిషాలా?”

“భాయ్, కంప్యూటర్ నిమిషాలు.”

ఆయన పాన్ ఉమ్మి వచ్చి నా భుజం తట్టాడు. “మై రుక్తూం. గంట సేపు ఉంట. ఇమానం ఎగిరినంక పోత.”

“వద్దు భాయ్. టమాటలు ఎండిపోతయ్.” బలవంతంగా పంపించేశాను. పెళ్లి జనమంతా చూస్తుండగా విమానం ఎక్కడానికి పోతున్నవాడు వెనక ఇంకో బండిని తోడు పెట్టుకుంటే ఏం బాగుంటుంది? ఆ కారు మలుపు తిరిగి పోతుంటే చేయి ఊపాను కూడా. ఇప్పటికీ ఆ ఊపిన చేయిని చూస్తే నాకు కోపం వస్తుంది.

ఆటోవాడు మామునూరు ఎయిర్‌పోర్ట్ అనగానే వెనక్కి తిరిగి మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. “ఎవలన్న సచ్చిపోయిండ్రా?” అన్నాడు.

“ఎందుకన్న?”

“మల్ల గక్కడికి గీ ఎండల ఎందుకు?”

ఖమ్మం రోడ్డు మీద చాలా దూరం తీసుకుపోయి తుప్పు పట్టిన గేటు ముందు దింపాడు. డబ్బులు తీసుకొని, మా మీద జాలి పడి కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు.

గేటు లోపల గడ్డి. గడ్డి వెనక గడ్డి. ఆ గడ్డి మధ్య చీలికలు వారిన పొడవాటి సిమెంటు దారి. దాని మీద పదిహేను బర్రెలు బోర్డింగు పాసులు తీసుకున్నంత నింపాదిగా పడుకొని నెమరేస్తున్నాయి. గొడుగు వేసుకొని ఒక ముసలవ్వ వాటికి కాపలా కూర్చుంది.

“అవ్వా, విమానం ఎన్నింటికి?” అని అడిగాను. అవును, అడిగాను! ఆ గడ్డినంతా కళ్లారా చూసి కూడా అడిగాను. మనిషి ఆశకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంటే నాకు చూపించండి.

అవ్వ చెవి దగ్గర చేయి పెట్టుకుంది. “ఏంది బిడ్డా?”

“విమానం. రామగుండం పోయే విమానం.”

అవ్వ బర్రెల వైపు చూసింది, మా బాపు కొత్త ధోతి వైపు చూసింది, నా ఇస్త్రీ చొక్కా వైపు చూసింది. “నా లగ్గం కాకముందు ఒక్కటి జూసిన బిడ్డా. గప్పుడు వోయింది. మల్ల రాలె.”

బాపు నెమ్మదిగా సిమెంటు దారి అంచు మీద కూర్చున్నాడు. ఒకే మాట అన్నాడు. “మటన్ ఇడిసిపెడితి గదరా.”

అప్పుడే అమ్మ ఫోన్. “కొడుకా, నేను జల్దీనే వచ్చిన. చాయ్ గూడ తాగిన. పిల్ల బంగారమసొంటిది. మీరెక్కడిదాక వచ్చిండ్రు?”

“ఎయిర్‌పోర్ట్ల ఉన్నమమ్మా,” అన్నాను. అప్పటిదాకా ఆ రోజు నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

మహబూబ్ భాయ్‌కి ఫోన్ చేస్తే ఆయన అప్పటికే జనగామ దాటాడు. నవ్వాడు. నవ్వడం ఆపి వెనక్కి వస్తానన్నాడు కానీ వచ్చేసరికి రెండు గంటలు. ఆగలేక ఇంకో ఆటో పట్టుకొని హన్మకొండ బస్టాండుకు పోయాం. రెండుంబావుకు కరీంనగర్ బస్సు దొరికింది. దొరికింది అంటే సీటు అని కాదు. నేను ఫుట్‌బోర్డు దగ్గర, బాపు ఒక కోళ్ల గంప పక్కన.

ఇక్కడైనా ఓదెలుకు ఫోన్ చేసి, తప్పయింది మామా, బస్సులో వస్తున్నాం అని చెప్పవచ్చు. అంత సులువైన పని నా వల్ల కాలేదు. ఒక్క మాట నిజం చెబితే స్వరూప పోతుందని భయం. ఆ భయంతోనే ప్రతి పది కిలోమీటర్లకు ఒక అబద్ధం చొప్పున వేసుకుంటూ పోయాను.

మొదటి ఫోన్ ఓదెలు దగ్గరి నుంచి. “బిడ్డా, ఏడికచ్చిండ్రు?”

“జర లేటయితాంది మామా. గాలి ఎదురు కొడ్తాంది.”

“ఔనా. జాగర్త బిడ్డా. మెల్లగనే రాండ్రి.”

రెండో ఫోన్ అమ్మది. గొంతు తగ్గించి మాట్లాడింది. “ఏందిరా గిది? గీళ్లందరు గొడ్డండ్లు, పారలు వట్కొని పొద్దుగాలనే వోయిండ్రట. ఇమానం దిగే జాగల తుమ్మకంపలు మొలిసినయట. సాఫ్ జేస్తున్నరట. మీ మామ దోస్తులు, బాయిల పన్జేసెటోళ్లు, పాతికమంది. డప్పులు గూడ వెట్టిండ్రు.”

బస్సు గుంతలో పడింది. గుంతలోనే ఉండిపోయినా బాగుండేది అనిపించింది.

“అమ్మా, గక్కడ విమానాలు దిగయా?”

“దిగవంటున్నరు కొడుకా. ఏండ్లు ఏండ్లాయెనట. మీ మామ ఏమన్నడో ఎరికేనా? హైద్రాబాద్ పక్కపొంటి భూములున్నోళ్లు, రింగ్ రోడ్డుల కోట్లు వచ్చుంటయ్, సొంతంగ ఇమానం మాట్లాడుకున్నరు అన్నడు. నన్నడిగితే నేను గూడ, మావోడే ఏదో వెట్టిండు అన్న.”

అప్పుడు అర్థమైంది ఓదెలు గొంతు ఎందుకు మారిందో. మాకు సొంత విమానం ఉందనుకున్నాడు! గౌడవెల్లిలో రెండెకరాలు, అది కూడా బాపు పేరు మీద, దాని మీద వచ్చిన వడ్లతో మేము విమానం తిప్పుతున్నాం.

మూడో ఫోన్ మళ్లీ ఓదెలు. సరిగ్గా నేను ఎత్తిన క్షణాన కండక్టర్ నా చెవి పక్కన నిలబడి పెద్ద గొంతుతో, “హుజురాబాద్! హుజురాబాద్ దిగెటోళ్లు రావాలె!” అని అరిచాడు.

“గదేంది బిడ్డా?” అన్నాడు ఓదెలు. “హుజురాబాద్ అంటాండ్రు?”

నా బుర్ర ఆ రోజు పొద్దున్నుంచీ పని చేయలేదు కానీ అబద్ధం కావలసి వచ్చినప్పుడు మాత్రం మెరుపులా వెలిగింది. “కింద హుజురాబాద్ కనవడ్తాందని చెప్తున్నరు మామా.”

“దిగెటోళ్లు రావాలె అన్నడు గద?”

“...దిగొద్దు అన్నడు మామా.”

కోళ్ల గంప పక్కన బాపు కళ్లు మూసుకున్నాడు.

కరీంనగర్‌లో బస్సు మారాం. బసంత్‌నగర్ స్టేజీలో దిగేసరికి ఐదున్నర దాటింది. రోడ్డు నుంచి లోపలికి నడిచి పోతుంటే ముందు వాసన తగిలింది, పచ్చి కంప నరికినప్పుడు వచ్చే వాసన. తరువాత కనబడ్డాయి. తుమ్మకంపలు దారికి రెండు పక్కలా మనిషెత్తు కుప్పలు. వాటి మధ్య, ఊడ్చి చిలకరించిన వాకిలిలా, నూరు గజాల పైన నున్నటి నేల. దాని మొదట్లో సున్నంతో గీత గీసి, గీత మీద బంతిపూలు చల్లారు. చేతులకు, కాళ్లకు ముళ్లు గీరుకున్న పాతికమంది మనుషులు వరుసగా నిలబడి మెడలు వెనక్కి వంచి ఆకాశం వైపు చూస్తున్నారు. అందరికంటే ముందు తెల్ల చొక్కా వేసుకున్న సన్నటి మనిషి, చేతిలో పూలదండ. ఎండకు దండ వాడిపోయింది. ఆయన మాత్రం కంటి మీద చేయి అడ్డం పెట్టుకొని అలాగే చూస్తున్నాడు.

నవ్వించడానికే ఇదంతా రాస్తున్నాను కానీ ఆ క్షణంలో నాకు నవ్వు రాలేదు. భూమి లోపల వారమంతా పనిచేసినవాళ్లు, దొరికిన ఒక్క సెలవు రోజును నా అబద్ధానికి దారి వేయడంలో పోగొట్టుకున్నారు. నా కరపత్రాన్ని నమ్మి ప్లాటు కొన్నవాళ్లు కూడా ఇలాగే ఎక్కడో నిలబడి, రాని రోడ్డు కోసం చూస్తుంటారు కదా అనిపించింది. నాకు తెలిసి, నా గురించి నేను సిగ్గుపడడం అదే మొదలు.

వెనక నుంచి పోయి ఆ తెల్ల చొక్కా భుజం మీద చేయి వేశాను. “మామా.”

“జరాగు, గాడ ఏదో మెరుస్తాంది,” అన్నాడు ఆయన పైకే చూస్తూ.

“మామా, నేను మల్లేశ్‌ను.”

ఆయన తిరిగాడు. పాతికమందీ తిరిగారు. డప్పు కొట్టేవాళ్లకు ఏం చేయాలో తెలియక రెండు దెబ్బలు కొట్టి ఆపేశారు.

“ఇమానమేది?”

“లేదు మామా. బస్సుల వచ్చినం.”

“కరాబైందా?”

ఆహా, దారి ఇచ్చాడు! అవును అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన చేతి మీద ముల్లు గీరిన చోట రక్తం ఎండి ఉంది. అది చూస్తూ అబద్ధం రాలేదు. మొత్తం చెప్పేశాను. కంప్యూటర్, గీత, ముప్పై ఏడు నిమిషాలు, బర్రెలు, అవ్వ, కోళ్ల గంప, అన్నీ.

ఓదెలు ఒక్కొక్కటే అడిగాడు.

“ఇమానం నీది గాదు.”

“కాదు మామా.”

“కోట్ల భూములు?”

“రెండెకరాలు. బాపువి.”

“కారన్న ఉన్నదా?”

“మహబూబ్ భాయ్‌ది.”

“మరి నీదేమున్నది పిలగా?”

ఎంత వెతికినా ఒక్కటే కనబడింది. “నోరు మామా.”

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది పక్కవాడికి అంటుకుంది. గొడ్డలి మీద వాలి ఒకాయన, పార వదిలేసి ఇంకొకాయన, పాతికమందీ కడుపులు పట్టుకొని కూర్చున్నారు. ఓదెలు మాత్రం నవ్వలేదు. వాడిన దండను ఎటూ వేయలేక బాపు మెడలో వేసి, “ఇంటికి పోదాం పాండ్రి, పెద్దమనిషి ఆకలి మీదున్నట్టున్నడు,” అన్నాడు. దారిలో నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. సంబంధం పోయిందని ఖాయం చేసుకున్నాను.

ఇంట్లో స్వరూప చాయ్ తెచ్చింది. కప్పు నా చేతికిచ్చి, పోకుండా నిలబడింది. ఫోటోలో లేని ఒక సంగతి ఆమె ముఖంలో ఉంది. పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంటోంది.

“ఇయ్యాల ఎన్ని అబద్ధాలు చెప్పిండ్రు?” అని అడిగింది అందరి ముందూ.

లెక్కపెట్టుకున్నాను. “ఆరు.”

“ఏడు. దిగొద్దు అన్నది మరిచిపోయిండ్రు.” ఇక ఆగలేక నవ్వేసింది. “నాయినకు బాయిల మోతకు సక్కగ ఇనవడది, ఫోన్ ఎప్పుడు స్పీకర్ల పెడ్తడు. నేను మజ్జిగ తీసుకొని అక్కడికే వోయిన. హుజురాబాద్ అని అందరం ఇన్నం. నాయినా, అది బస్సే అంటె, ఇమానంల గూడ కండక్టర్ ఉంటడు, నీకు తెల్వదు ఊకో అన్నడు.”

“ఉండడా?” అన్నాడు ఓదెలు కోపంగా.

“మరి సక్కగ చెప్పుండ్రి,” అంది ఆమె నాతో. “ఇక్కడికెళ్లి మీ ఊరికి ఎంతసేపు?”

నా జీవితంలో ఎవరూ నన్ను అంత కష్టమైన ప్రశ్న అడగలేదు. “ఐదు గంటలు,” అన్నాను. “మేడ్చల్‌ల బస్సు దొరకకపోతే ఇంకో అరగంట. మా గల్లీల రోడ్డు లేదు. వానాకాలం చెప్పులు చేతుల వట్టుకోవాలె.”

అమ్మ నెత్తి కొట్టుకుంది. ప్లాటు అమ్మేవాడెవడూ ఇంత ఘోరంగా మాట్లాడడు.

స్వరూప తండ్రి వైపు తిరిగి తల ఊపింది. ఓదెలు పెద్దగా ఊపిరి వదిలాడు. అప్పుడు తెలిసింది ఆయన మనసులోని సంగతి. ఇమానంలో వచ్చేవాళ్లింట్లో తన బిడ్డ ఎట్లా బతుకుతుందో అని మూడు రోజుల నుంచి ఆయనకు నిద్ర లేదట. మేము వచ్చాక చాయ్ తాగించి మర్యాదగా వద్దని చెబుదామని పొద్దున్నే అనుకున్నాడట. “బస్సుల అచ్చినవ్, మంచిగైంది,” అన్నాడు. “లేకపోతె తోలిచ్చెటోన్ని.”

మీరు గమనించే ఉంటారు. నేను చెప్పింది నిజమై, నిజంగానే విమానం దిగి ఉంటే, స్వరూప నాకు దక్కేది కాదు.

ఆ నున్నటి నేల మీద అక్కడి పిల్లలు చాలా రోజులు క్రికెట్ ఆడుకున్నారట. మా పెళ్లి మూఢం వెళ్లాక, గోదావరిఖనిలోనే. శుభలేఖలు వాళ్లే అచ్చు వేయించారు. కట్ట విప్పి చూస్తే లగ్నం, తిథి, వధూవరుల పేర్లు అన్నీ సరిగానే ఉన్నాయి. అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాల్లో కాదు, పెద్ద అక్షరాల్లో, ఎర్ర రంగులో స్వరూప ఒక వాక్యం చేర్పించింది. ‘వరుడు బస్సులో వచ్చును. దయచేసి ఎవరూ పైకి చూడవద్దని మనవి.’

ఇందుమూలముగా గౌడవెల్లి నివాసి మల్లేశ్ అనబడే నేను, స్వస్థబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా భార్య ఎదుట కూర్చొని రాసి ఇచ్చిన ప్రమాణ పత్రం ఏమనగా: ఇకమీదట నేను గానీ, నా వారసులు గానీ, ఏ రెండు ఊళ్ల మధ్య దూరాన్నైనా నిమిషాల్లో చెప్పబోము. ఏ విమానాన్నైనా అది నేల విడిచి లేవడం ఈ రెండు కళ్లతో చూసేదాకా, అది ఉన్నదని ఎవరికీ చెప్పబోము. చూసిన తరువాత కూడా, అందులో మేము వస్తున్నామని ఎవరితోనూ అనబోము. ఇది నా ఇష్టపూర్వకంగా రాసిన పత్రం. బలవంతం ఏమీ లేదని రాయమన్నది కూడా ఆమే.